చేతులెత్తని సభ

కిందటేడు మా కాలనీ మహిళామండలి వార్షికోత్సవానికి ఏమేం కార్యక్రమాలు పెట్టాలా అని పన్నెండుమందిమి కూర్చున్నాం. వచ్చిన సూచనలు తొమ్మిది. ఉన్న సమయంలో నాలుగు పడితే గొప్ప. ముగ్గుల పోటీ, లలిత సంగీతం, నూనె లేని వంటలు చకచకా తేలిపోయాయి. నాలుగోదాని దగ్గరే వచ్చింది చిక్కు. మా వీధి చివరింట్లో ఉండే టీచరుగారు, రిటైరయి నాలుగేళ్ళయింది, "మన ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళని పిలిచి కుర్చీల్లో కూర్చోబెడదాం. జీతాలూ, సెలవులూ, జబ్బు చేస్తే గతీ... వాళ్ళు చెప్తే మనం విందాం" అన్నారు.

ఒక్క క్షణం ఫాను చప్పుడు తప్ప మరేం వినబడలేదు. తర్వాత మా కార్యదర్శి "ఇదా, కేశసంరక్షణా? చేతులెత్తండి" అంది. కేశాలకి పదకొండు చేతులు లేచాయి. అందులో ఒకటి నాదే.

ఆ వేసవిలోనే ఫిలడెల్ఫియాలో ఉన్న మా పిన్నికూతురి దగ్గరికి వెళ్ళాను. పక్కింటావిడకి డెబ్బై దాటాయి. క్వేకరు. బి.ఏ.లో నేను చదివింది చరిత్రే గాని, మా పాఠ్యపుస్తకంలో క్వేకర్లకి దక్కింది ఒకటిన్నర వాక్యం. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో జార్జి ఫాక్స్ అనే ఆయన వెంట బయల్దేరినవాళ్ళనీ, యుద్ధాలకి వెళ్ళరనీ అంతే. తమని తాము వాళ్ళు 'మిత్రులు' అనుకుంటారు. క్వేకర్లు, అంటే వణికేవాళ్ళు అన్నది ఎవరో వెక్కిరించి పెట్టిన పేరు, అదే నిలిచిపోయింది.

ఆవిడ వాకిట్లో కూర్చుని ఒళ్ళో కాగితాల బొత్తి పెట్టుకుని చదువుతోంది. ఏమిటని అడిగితే, "వర్క్‌షాపుల దరఖాస్తులు" అంది. వర్క్‌షాపంటే నాకు లారీలు బాగుచేసే షెడ్డు తప్ప మరోటి తోచదు! విషయం ఏమిటంటే, 'ఫ్రెండ్స్ జనరల్ కాన్ఫరెన్స్' అని 1900లో ఏర్పడ్డ వాళ్ళ సంస్థ ఒకటుంది. ఎండాకాలంలో ఒక వారంపాటు, ఎక్కువగా ఏ కాలేజీ ఆవరణలోనో మహాసభ జరుపుతుంది. పొద్దుటిపూట జనం చిన్నచిన్న జట్లుగా కూర్చుంటారు. ఒక జట్టు బైబిలు చదువుకుంటే, ఒక జట్టు పాడుకుంటుంది, ఇంకోటి జైళ్ళలో ఉన్నవాళ్ళ సంగతి మాట్లాడుకుంటుంది. ఆ జట్లని నడుపుతామని అర్జీ పెట్టుకునేవాళ్ళు ఎక్కువ, ఉన్న గదులు తక్కువ. ఏరడానికి ఒక కమిటీ. అందులో ఈవిడొకతె.

"వోట్లు వేసి తేలుస్తారా?" అన్నాను, మా పదకొండు చేతులూ కళ్ళముందు మెదిలి.

వోటన్న మాటే వాళ్ళ సభల్లో లేదట. ముందు ఎవరింట్లో వాళ్ళు అన్నీ చదువుకుంటారు. తర్వాత కలిసి కూర్చుని కాసేపు మౌనంగా ఉంటారు. అప్పుడు ఒకరి తర్వాత ఒకరు, మధ్యలో కాస్త ఆగుతూ, తోచింది చెప్తారు. సభ నడిపేవాళ్ళని అధ్యక్షులనరు, క్లర్కు అంటారు. మా ఆఫీసుల్లో క్లర్కుని తల్చుకుని నాకు నవ్వాగలేదు. ఆ క్లర్కు అందరి మాటలూ విని, సభ మనసు ఎటుందో పట్టుకుని, అక్కడికక్కడే రెండు వాక్యాలు రాసి చదువుతారు. "అవును" అంటే అదే తీర్మానం. ఎవరికైనా మింగుడుపడకపోతే, "నేను పక్కకి తప్పుకుంటాను, మీరు కానివ్వండి" అనచ్చు. అంతకంటే గట్టిగా గుచ్చుకుంటుంటే ఆ మాటా చెప్పచ్చు. అప్పుడు ఆ విషయం ఆగుతుంది. ఒక్క మనిషి కోసం ఆగుతుంది!

"ఎంత బాగుందండీ" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, "ఆగడమూ తప్పేనమ్మా ఒక్కోసారి. బెంజమిన్ లే కథ చదువు" అంది.

చదివాను. మీకూ చెప్తాను.

అప్పట్లో ఈ పట్టణం పక్కనే ఉన్న జర్మన్‌టౌన్‌లో 1688లో నలుగురు మిత్రులు, మనిషిని మనిషి కొనుక్కోవడం తప్పని కాగితం రాసి సంతకాలు పెట్టారు. నెలవారీ సభ, ఇది మాకు మించిన బరువని మూడునెలల సభకి పంపింది. వాళ్ళు వార్షిక సభకి పంపారు. వార్షిక సభ, ఇప్పుడు తేల్చడం తగదని పక్కన పెట్టేసింది. అప్పటి సభల పెద్దల్లో బానిసలున్న ఆసాములు చాలామంది. చేతులెత్తి ఓడించనక్కర్లేదు చూశారా, "ఇంకా మనసులు కలవలేదు" అంటే చాలు.

పుస్తకాల విషయంలోనూ ఒక కమిటీ ఉండేది. మిత్రులెవరైనా ఏదైనా అచ్చు వెయ్యాలంటే అది ముందు చదివి సరేననాలి. 1729లో రాల్ఫ్ శాండిఫోర్డ్ అనే ఆయన, 1737లో బెంజమిన్ లే, ఆ గడప తొక్కకుండానే బానిసత్వం మీద పుస్తకాలు అచ్చువేయించారు. లే పుస్తకాన్ని అచ్చువేసింది బెంజమిన్ ఫ్రాంక్లినే. కానీ దానిమీద తన పేరు వేసుకోలేదు, గడుసువాడు!

లే నాలుగడుగుల చిల్లర మనిషి, గూనివాడు. పుట్టింది ఇంగ్లండులో. బార్బడోస్ దీవిలో కొట్టు పెట్టుకున్నప్పుడు చెరకుతోటల బానిసల ఆకలి కళ్ళారా చూశాడు. భార్య సారా మిత్రుల సభల్లో బోధకురాలు. ఆడవాళ్ళు లేచి బోధించడం వాళ్ళలో మొదటినించీ ఉంది. 1732లో ఇద్దరూ ఫిలడెల్ఫియా చేరారు. 1735లో ఆవిడ పోయింది. ఆయన మాంసం ముట్టడు, తన బట్ట తనే నేసుకుంటాడు, బానిసల చెమటతో వచ్చిన వస్తువేదీ వాడడు.

1738లో బర్లింగ్టన్‌లో వార్షిక సభ. లే పెద్ద కోటు కప్పుకుని వచ్చాడు. యుద్ధమంటేనే సరిపడని ఆ జనం మధ్య లేచి, కోటు విదిలించాడు. లోపల సిపాయి దుస్తులు, నడుముకి కత్తి! చేతిలో ఉన్న పుస్తకం లోపలంతా తొలిచి, అందులో ఎర్రటి పండ్లరసం నింపిన తిత్తి దాచాడు. మన బచ్చలిపళ్ళ రసం గుర్తుందా, అలాంటిదే. బానిసల్ని ఉంచుకున్నవాళ్ళని దేవుడు ఇలాగే చూస్తాడని కత్తి దింపాడు. ఆ రసం పక్కనున్నవాళ్ళ మీద చిందింది. ఆయన్ని మోసుకెళ్ళి బయట పడేశారు. ఆ పుస్తకంతో మాకు సంబంధం లేదని సభవారు ప్రకటించారు. ఆయన్ని వెలివేశారు కూడా. వెలివేసినా ఆయన మానలేదు, సభలకి వస్తూనే ఉన్నాడు.

నిజం చెప్పద్దూ, ఆ సభలో నేనుంటే ముందు నా చీర చూసుకునేదాన్ని.

ఇంకొకాయన దారి వేరు. జాన్ వుల్‌మన్, న్యూజెర్సీలో దర్జీ. కుర్రతనంలో యజమాని చెప్పాడని ఒక నల్లజాతి స్త్రీ అమ్మకం పత్రం తన చేత్తో రాశాడు. అది మనసులో ముల్లై కూర్చుంది. 1746లో దక్షిణాది తిరిగొచ్చి ఒక వ్యాసం రాశాడు. రాసి ఇంట్లోనే దాచుకున్నాడు. 1750లో తండ్రి చనిపోతూ దాన్ని అచ్చువేయించమన్నాడు. ఈయన దాన్ని ఆ కమిటీకే ఇచ్చాడు. 1754లో వాళ్ళ ఆమోదంతోనే వెలువడింది! అప్పటికి పాతకాపులు కొందరు పోయారు, కమిటీ మనుషులు మారారు. ఏరేవాళ్ళు మారితేనే ఏరేదీ మారుతుంది కాబోలు.

వుల్‌మన్ బానిసలున్న ఇళ్ళకి అతిథిగా వెళ్ళి, భోంచేసి, వడ్డించిన ఆ బానిసల చేతిలో డబ్బు పెట్టి వచ్చేవాడు. ఆ ఇంటి ఇల్లాలి మొహం ఎలా ఉండేదో నేను ఊహించుకోగలను. 1758 వార్షిక సభలో ఆయన లేచి, ఆలస్యం చేయడం కూడా పాపమేనన్న ధోరణిలో మాట్లాడాడు. ఆ సభలో మనసులు కలిశాయి. బానిసల్ని కొనేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ సభా వ్యవహారాల్లోకి రానివ్వకూడదన్నారు. యజమానుల ఇళ్ళకి వెళ్ళి నచ్చజెప్పడానికి కొందరిని నియమించారు. 1776లో, బానిసల్ని వదలనివాళ్ళు మిత్రులే కారని తేల్చారు. 1688 నించి లెక్కేస్తే ఎనభై ఎనిమిదేళ్ళు. ఎన్ని కాపురాలు సంతల్లో విడిపోయాయో ఆ మధ్యలో!

1758 తీర్మానం సంగతి తెలిసి, ఇక హాయిగా కన్నుమూస్తానన్నాడట ముసలి లే. మరుసటేడే పోయాడు. ఆయన్నీ సారానీ పాతిపెట్టిన అబింగ్టన్ శ్మశానంలో 2018లో మిత్రులు వాళ్ళిద్దరి పేర్లతో రాయి పెట్టారు. వెలివేసినాయన తమవాడేనని కాగితం మీద రాసుకున్నారు.

బయల్దేరేముందు పక్కింటావిడని అడిగాను, మరి దరఖాస్తులు తోసిపుచ్చేటప్పుడు ఏం చేస్తారని. "ఏదైనా చదవగానే చిరాకేస్తే దాన్ని పక్కనపెట్టి మర్నాడు మళ్ళీ చదువుతాను. అది బాగాలేదా, నాకు గుచ్చుకుందా అని చూసుకుంటాను" అంది. తర్వాత కాగితాల్లో తలదూర్చేసింది.

ఇంటికొచ్చాక, ఈ ఏడాది వార్షికోత్సవం మీటింగు దగ్గరపడుతుంటే టీచరుగారికి ఫోన్ చేశాను.

"మీ సూచన మళ్ళీ పెడతారా?" అన్నాను.

"పోయినేడు మీరూ చెయ్యెత్తారుగా?" అన్నారావిడ.

"ఎత్తానండీ" అన్నాను.

కాసేపు అటువైపు మాట లేదు. ఇటువైపూ లేదు. మా ఇంట్లో అంట్లు తోమే రమణమ్మ, నాలుగురోజులు జ్వరంతో మానేసి ఆవేళే వచ్చింది, గిన్నెలు బోర్లిస్తున్న చప్పుడు ఫోన్లోకి వినిపిస్తూనే ఉండుంటుంది.