ముందు మొక్క నాటు

బస్సు చించినాడ వంతెన మీదికి రాగానే కిటికీలోంచి కిందికి చూడండి. ఆషాఢం. గోదావరి పాయ వశిష్ఠలోకి ఎర్రనీరు దిగింది. ఎగువ మట్టినంతా మోసుకుంటూ గోదావరి అంతర్వేది వైపు పోతోంది. వంతెన దిగితే దిండి. హౌస్‌బోట్లు కట్టేసిన రేవు దాటి గట్టు వెంబడి నడిస్తే మా దొడ్డి.

గొయ్యి తవ్వి ఉంది. మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు. అడుగున కొబ్బరి డొక్కలు వెల్లకిలా రెండు వరసలు పరిచాం, తడి పట్టి ఉంచుతాయని. పక్కన నా స్నేహితుడు, రెండు చేతులతో కొబ్బరి మొక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. గుంటూరు వైపు, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అతనిది. తెలుగువాడు, యూదుడు. ఈరోజు శుక్రవారం. పొద్దుగూకితే యూదుల విశ్రాంతిదినం షబ్బాత్ మొదలవుతుంది. ఆ తర్వాత రేపు రాత్రి చుక్కలు పొడిచేదాకా పార ముట్టడు, మొక్క నాటడు. ఇప్పుడు టైము ఐదున్నర.

అరుగు మీద మా అమ్మ మనవరాలి తలకి నూనె పెడుతోంది. మా ఇంట్లో నాలుగు తరాలుగా బైబిలు చదువుతున్నారు. అవతలి ఒడ్డున దిగువకు ఉన్న నరసాపురానికి బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు వచ్చింది 1836 ప్రాంతంలో. ఆ గోదావరి డెల్టా మిషన్ నాటిన విశ్వాసమే మాది. అమ్మ మధ్యాహ్నం నుంచీ ఒక మాట మనసులో పెట్టుకుని తిరుగుతోంది. ఇక ఆగలేక అడిగేసింది.

"అయితే బాబూ, మెస్సీయ ఇంకా రాలేదంటారా మీరు?"

"రాలేదమ్మా. వస్తాడు."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. నూనె బొట్టు ఒకటి పాప పాపిట్లోంచి జారి, కణత మీదుగా చెవి వెనక్కి పోయింది. నా స్నేహితుడు దాన్నే చూపించాడు. "ఆ మాటకి అర్థం అదేనమ్మా. హీబ్రూలో మషియాహ్ అంటే తలమీద తైలం పోయించుకున్నవాడు. సౌలుకి పోశారు, దావీదుకి పోశారు. యాజకులకీ పోశారు. కోరెషు గుర్తున్నాడా?"

అమ్మకి గుర్తుండకపోవడమా! యెషయా గ్రంథం 45వ అధ్యాయం. యూదులను బబులోను చెరనుంచి ఇళ్లకు పంపిన పర్షియా రాజు. యూదుడు కాడు, ఇశ్రాయేలు దేవుణ్ణి ఎరిగినవాడూ కాడు. అయినా గ్రంథం అతన్ని అభిషిక్తుడనే పిలిచింది. అంటే మొదట్లో ఆ మాట ఒక పనికి పెట్టిన పేరు. దేవుడు ఒక మనిషిని ఒక పనికి ఎంచుకున్నాడని గుర్తు.

ఇక్కడ మనం కాసేపు ఆగాలి. ఈ ఏటి ఒడ్డున పుట్టినవాళ్లకి రక్షకుడంటే పైనుంచి దిగివచ్చేవాడే. అంతర్వేదిలో నరసింహుడు అవతారం. రాబోయే కల్కీ అవతారమే. మా ప్రార్థనామందిరంలో వాక్యం శరీరం దాల్చిందని చెబుతారు. యూదుల మెస్సీయను కూడా అదే వరసలో చూస్తే తప్పు చూసినట్టే. అతను అవతారం కాదు, దేవుడి కొడుకు కాదు. దావీదు వంశంలో తల్లికీ తండ్రికీ పుట్టి, మనలాగే అన్నం తిని, ఒకనాడు చనిపోయే మనిషి.

12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ దీన్ని చట్టం రాసినట్టు రాశాడు. మెస్సీయ అద్భుతాలు చేసి చూపించనక్కర్లేదు, చచ్చినవాళ్లను లేపనక్కర్లేదు. లోకం ఎప్పటిలాగే నడుస్తుంది. దావీదు వంశపు రాజు ఒకడు ధర్మశాస్త్రమైన తోరా చదివి, జనాన్ని ఆ దారిలో నడిపించి, దేవుడి యుద్ధాలు చేస్తే అతనే కావచ్చని అనుకోవచ్చు. యెరూషలేము మందిరం మళ్లీ కట్టి, చెదిరిన జనాన్ని కూడగడితే అతనే. పని కాకముందే చంపబడితే అతను కాదు.

"చనిపోతే కాదా?" అంది అమ్మ.

అతను తల దించుకున్నాడు. నేనూ మాట్లాడలేదు. రెండు మతాల మధ్య రెండు వేల ఏళ్ల దూరం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. కాసేపటికి నెమ్మదిగా చెప్పాడు, ఆ దెబ్బ యూదులూ తిన్నారని. క్రీ.శ. 132లో రోమన్ల మీద తిరగబడ్డ బార్ కోఖ్బాను రబ్బీ అకీవా అంతటివాడు మెస్సీయ అన్నాడు. 135లో అతను చనిపోయాడు, దేశం నెత్తురుమడుగైంది. 1665లో స్మిర్నా నగరపు షబ్బతాయి త్స్వీని నమ్మి ఎందరో ఇళ్లూ వాకిళ్లూ అమ్ముకున్నారు. మరుసటి ఏడాది అతను సుల్తాను ముందు ఇస్లాం పుచ్చుకున్నాడు. అన్నిసార్లు ఆశ విరిగినా ప్రార్థనలో ఆ ఎదురుచూపు మాత్రం తీసెయ్యలేదు. సంస్కరణవాద యూదులు మాత్రం 19వ శతాబ్దంలో వ్యక్తిని పక్కనపెట్టి, న్యాయం నిండిన కాలం వస్తుందని చెప్పుకున్నారు.

మబ్బు కాస్త విడింది. ఏటి మీద వెలుగు పసుపు రంగులోకి తిరిగింది.

"ఇంకో మెస్సీయ కూడా ఉన్నాడమ్మా," అన్నాడు. ఈసారి గొంతు మారింది. "యోసేపు కొడుకు వంశంలో, ఎఫ్రాయిము గోత్రంలో. దావీదు కుమారుడికంటే ముందొస్తాడు. యుద్ధంలో చనిపోతాడు."

యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్‌లోనూ, తర్వాతి సంప్రదాయంలోనూ ఉన్న మాటే ఇది. ఆ గొంతు ఎందుకు మారిందో మీకు తెలియాలి. కొత్తరెడ్డిపాలెం వాళ్లు తమను బెనె ఎఫ్రాయిమ్ అని, ఎఫ్రాయిము సంతానమని చెప్పుకుంటారు. కొద్ది పదుల కుటుంబాలు, మాదిగ పల్లె. యాకోబి సోదరులు షమూయేల్, సాదోక్ ముందు నిలబడగా 1991లో అక్కడ సమాజమందిరం వెలిసింది. పరిశోధకులు యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వాళ్ల మధ్య తిరిగి 2013లో పుస్తకమే తెచ్చారు. వాళ్ల వంశవృక్షం నిజమా అని అడిగేవాళ్లు చాలామంది. నాకు ఆ ప్రశ్న చిన్నదనిపిస్తుంది. ఊరి చివర బతకమన్న లోకంలో ఒక పల్లె, "మాకూ ఒక గోత్రం ఉంది, రాబోయే రాజు కథలో మాకూ చోటుంది" అని హీబ్రూ అక్షరాలు దిద్దుకుంది. ఆ పట్టుదలకి నేను చేతులెత్తి మొక్కుతాను.

తాల్ముద్‌లోదే ఇంకో కథ చెప్పాడు. మెస్సీయ రోము నగర ద్వారం దగ్గర, కుష్ఠు పట్టిన బీదల మధ్య కూర్చుని ఉంటాడట. మిగతావాళ్లు పుండ్ల కట్లన్నీ ఒకేసారి విప్పి కట్టుకుంటారు. అతను మాత్రం ఒకటి విప్పి, అది కట్టాకే రెండోది విప్పుతాడు. పిలుపు వస్తే ఆలస్యం కాకూడదని. అమ్మ కళ్లు తుడుచుకుంది. "ఈ కథ మా పాస్టరుగారికి చెప్పాలి," అంది.

ఆరు దాటింది. "మొక్క ఇటివ్వు, వేళైపోతోంది," అన్నాను. ఇవ్వలేదు. తనే గోతిలోకి దిగాడు. డొక్కల మీద గుప్పెడు ఉప్పు, ఇసుక, పశువుల ఎరువు కలిపిన మట్టి. కాయ మునిగేంత వరకే పూడ్చి, చుట్టూ పాదంతో తొక్కాడు. తొక్కుతూనే చెప్పాడు: క్రీ.శ. 70లో యెరూషలేము మందిరం కూలిన కాలంలో బతికిన రబ్బన్ యోహానాన్ బెన్ జక్కాయ్ ఒక మాట అన్నాడట. చేతిలో మొక్క ఉండగా మెస్సీయ వచ్చాడని ఎవరైనా చెబితే, ముందు మొక్క నాటు, ఆ తర్వాతే ఎదురెళ్లు అని.

కాళ్లు కడుక్కుని వచ్చేసరికి అమ్మ రెండు దీపాలు సిద్ధంగా పెట్టింది, ఇంటి కొబ్బరినూనెతో. పొద్దు వాలకముందే వెలిగించాం.

మేం నాటింది నాటు రకం. కాపుకి ఆరేడేళ్లు పడుతుంది.