హద్దు రాయి దాకా: అమెరికా వేటగాళ్ళ చేతి జీపీఎస్ చరిత్ర

అమెరికాలో వేటగాళ్ళ చేతికి జీపీఎస్ యంత్రం అందింది 1990ల్లో. అంతకు ముందు అడవిలో వాళ్ళకు దారి చెప్పినవి దిక్సూచి, కాగితపు పటం, ఏటేటా అవే కొండల్లో తిరిగిన అనుభవం. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ 1:24,000 స్కేలులో అచ్చువేసిన పటాల్లో గుట్టలూ వాగులూ నేల ఎత్తుపల్లాలూ వివరంగా ఉండేవి. వాటిని చదవడం వచ్చినవాడికి పగటిపూట లోటు లేదు. చిక్కల్లా వేట సాగే తీరులోనే ఉంది. జింకల వేట శరత్తు చివర, పగలు కురచయ్యే కాలంలో జరుగుతుంది. జింకలు బాగా కదిలేది తెల్లవారుజామున, మునిమాపున. అందుకే వేటగాడు మంచె ఎక్కేదీ చీకట్లోనే, దిగేదీ చీకట్లోనే. దెబ్బతిన్న జంతువు నెత్తుటి జాడ పట్టుకుని నేల చూస్తూ నడిచినవాడికి తల ఎత్తేసరికి తూర్పేదో పడమరేదో తెలియదు. పశ్చిమ రాష్ట్రాల్లో ఎల్క్ అనే పెద్ద జింకను కొట్టినవాడి కష్టం ఇంకొకటి. మూడు వందల కిలోలు తూగే ఆ జంతువును పడ్డచోటే కోసి, మాంసాన్ని విడతలు విడతలుగా వీపున మోసుకురావాలి. మధ్యలో మంచు కురిసినా ప్రతిసారీ అదే పొద దగ్గరకు తిరిగి వెళ్ళాలి. వేటకు ఎలాంటి జీపీఎస్ కొనాలన్న ప్రశ్నకు మూలం ఈ రెండు అవసరాలు: బండి దగ్గరకు చేరడం, వదిలి వచ్చిన చోటును మళ్ళీ పట్టుకోవడం.

ఆ యంత్రం వెనకున్న వ్యవస్థ సైన్యానిది. 1957లో సోవియట్ స్పుత్నిక్ పంపే రేడియో సంకేతాలను విన్న జాన్స్ హాప్కిన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు, ఆ సంకేతాల పౌనఃపున్యంలో వచ్చే మార్పును బట్టి ఉపగ్రహం ఎక్కడుందో లెక్కకట్టారు. లెక్కను తిరగేస్తే, ఉపగ్రహం జాడ తెలిసినప్పుడు నేల మీద వినేవాడి జాడ తెలుస్తుంది. ఆ ఆలోచన నుంచి నౌకాదళానికి ట్రాన్సిట్ వ్యవస్థ వచ్చింది. 1973లో వైమానిక దళ కర్నల్ బ్రాడ్‌ఫర్డ్ పార్కిన్సన్ నాయకత్వంలో, అప్పటిదాకా విడివిడిగా సాగుతున్న ప్రయత్నాలు కలిసి జీపీఎస్‌గా రూపుకట్టాయి. తొలి ఉపగ్రహం 1978 ఫిబ్రవరిలో పైకి వెళ్ళింది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ ఉపగ్రహాలు తమ గడియారాల సమయాన్ని ఆపకుండా ప్రసారం చేస్తుంటాయి. చేతిలోని రిసీవర్ కనీసం నాలుగింటి సంకేతాలు అందుకుని, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో చూసి తానెక్కడుందో లెక్కిస్తుంది. 1983 సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్ళిన కొరియన్ ఎయిర్‌లైన్స్ 007 విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం కూల్చేసింది. 269 మంది చనిపోయారు. కొద్ది రోజులకే అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం జీపీఎస్ సంకేతాన్ని పౌరులకు అందుబాటులో ఉంచుతామని ప్రకటించింది.

సంకేతం ఉచితమే, దాన్ని అందుకునే పెట్టె మాత్రం కాదు. 1980ల మొదట్లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చేసిన టీఐ 4100 రిసీవర్ పాతిక కిలోల దాకా తూగేది, ధర లక్ష డాలర్లు దాటేది. 1989లో కాలిఫోర్నియాలోని మాజెలన్ కంపెనీ నావ్ 1000 అనే చేతి యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. బరువు సుమారు 700 గ్రాములు, ధర దాదాపు 3,000 డాలర్లు. ఉపగ్రహాలు అప్పటికి చాలినన్ని లేవు కాబట్టి రోజంతా పనిచేసేది కాదు. 1990-91 గల్ఫ్ యుద్ధంలో దారీ తెన్నూ లేని ఇసుకలో సైన్యానికి ఈ రిసీవర్లు ఎంత అవసరమయ్యాయంటే, సైనిక రకం చాలక పౌరుల కోసం చేసినవాటినే వేల సంఖ్యలో కొన్నారు. యుద్ధం ముగిసేసరికి జీపీఎస్ అంటే ఏమిటో దేశమంతటికీ తెలిసిపోయింది. 1995 నాటికి 24 ఉపగ్రహాల వ్యవస్థ పూర్తిస్థాయిలో పనిచేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. అదే ఏడాది మాజెలన్ జీపీఎస్ 2000 ధర 200 డాలర్ల దగ్గరకు దిగింది. వేట సామాన్లు అమ్మే దుకాణంలో ఒక మోస్తరు బైనాక్యులర్ ధరకు జీపీఎస్ దొరకడం మొదలైంది.

అయితే ఆ రోజుల్లో కొన్నవాళ్ళు రెండు అడ్డంకులతో వేగాల్సి వచ్చింది. మొదటిది కావాలని పెట్టినది. శత్రువులు వాడుకుంటారన్న భయంతో అమెరికా సైన్యం 1990 నుంచి పౌర సంకేతంలో పొరపాటును కలిపేది. దాని పేరు సెలెక్టివ్ అవైలబిలిటీ. ఫలితంగా యంత్రం చూపే చోటు అసలు చోటుకు 100 మీటర్ల దూరంలోనైనా ఉండొచ్చు. మైదానంలో నిలబెట్టిన బండి కనబడడానికి అది చాలు. చిత్తడి అడవిలో, తెల్లారకముందు, ఒక్క చెట్టు మీద కట్టిన మంచెను పట్టుకోవడానికి చాలదు. అందుకే జీపీఎస్ కొన్నవాళ్ళు కూడా చెట్లకు టార్చి వెలుగులో మెరిసే చిన్న మేకులు గుచ్చడం మానలేదు. యంత్రం అడవి అంచుదాకా, మేకులు మంచెదాకా అన్నట్టు ఉండేది పరిస్థితి.

రెండో అడ్డంకి చెట్లే. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనమైనది, తడి ఆకులు దాన్ని ఇట్టే మింగేస్తాయి. తొలి చౌక యంత్రాల్లో ఒకటి రెండు ఛానళ్ళే ఉండేవి, అంటే ఉపగ్రహాలను వంతులవారీగా వినేవి. ఒకదాన్ని విని రెండోదాని దగ్గరకు వెళ్ళేలోపు ఏ కొమ్మో అడ్డొస్తే లెక్క మొదటికి వచ్చేది. ఆకాశం కోసం చెట్ల మధ్య ఖాళీ వెతుక్కుంటూ తిరగడం ఆనాటి వేటగాళ్ళ మామూలు అనుభవం. 1990ల రెండో సగంలో పన్నెండు ఛానళ్ళు ఒకేసారి వినే రిసీవర్లు వచ్చాయి. కాన్సస్ రాష్ట్రంలో గ్యారీ బరెల్, మిన్ కావో 1989లో స్థాపించిన గార్మిన్ కంపెనీ జీపీఎస్ 12 వాటిలో పేరుపడ్డది. వేటకు నిజంగా పనికొచ్చే తొలి తరం ఇదే అనవచ్చు. 2000 మే 1 అర్ధరాత్రి అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో సెలెక్టివ్ అవైలబిలిటీ ఆగిపోయింది. యంత్రాల్లో ఏ మార్పూ లేకుండానే తప్పు పదీ ఇరవై మీటర్లకు తగ్గింది. కొత్తది కొననక్కర్లేకుండా పాత పెట్టే ఒక్క రాత్రిలో మెరుగైంది.

ఎంపిక అనే మాటకు అర్థం వచ్చింది అప్పటినుంచే. అదే ఏడాది వచ్చిన గార్మిన్ ఈట్రెక్స్ 150 గ్రాముల బరువుతో, రెండు పెన్సిల్ సెల్స్‌తో 22 గంటలు నడిచేది. పసుపు రంగు డబ్బా. తర్వాత వేటగాళ్ళ కోసమని ఆకుల రంగు పూసిన రకాలూ అమ్మారు గానీ, ఎండుటాకుల మీద జారవిడుచుకుంటే దొరకని రంగు కంటే పసుపే మేలు. ఈట్రెక్స్‌లో యాంటెనా పలకలా ఉంటుంది కాబట్టి దాన్ని అరచేతిలో ఆకాశం వైపు వెల్లకిలా పట్టుకోవాలి. గార్మిన్‌దే అయిన జీపీఎస్‌మ్యాప్ 60 వరసలో యాంటెనా మర తిరిగిన తీగలా పైకి పొడుచుకుని ఉంటుంది, నిలువుగా పట్టుకుంటే బాగా అందుతుంది. నడుస్తూ భుజానికి తగిలించుకునేవాడికి ఈ తేడా చిన్నది కాదు. మామూలు యంత్రానికి నడుస్తున్నంతసేపే దిక్కు తెలుస్తుంది, ఆగితే తెలియదు. లోపల ఎలక్ట్రానిక్ దిక్సూచి ఉన్న రకాలు ఆ లోటు తీర్చాయి. 2006లో వచ్చిన 60సీఎస్ఎక్స్‌లోని సిర్ఫ్‌స్టార్ 3 చిప్పు దట్టమైన గుబురు కింద కూడా సంకేతాన్ని వదలకుండా పట్టింది. చెట్ల కింద పనిచేస్తుందా అన్న ప్రశ్న దాంతో దాదాపు ముగిసింది.

చలి ఇంకో పరీక్ష పెట్టింది. మామూలు ఆల్కలైన్ సెల్స్ గడ్డకట్టే చలిలో త్వరగా నీరసిస్తాయి, లిథియం సెల్స్ నిలబడతాయి. వేలితో తాకే స్క్రీన్‌కు చేతి తొడుగు అడ్డం, బటన్లకు కాదు. 2008లో స్పర్శ తెరతో గార్మిన్ ఒరెగాన్ యంత్రం వచ్చినా బటన్ల రకాలు వేటగాళ్ళ మధ్య నిలిచిపోవడానికి కారణం అదే. పాత పటాలు వాడేవాళ్ళకు ఇంకో గొయ్యి ఉండేది: ఆ పటాలు చాలావరకు 1927 నాటి కొలతల ప్రామాణికం మీద గీసినవి, జీపీఎస్‌ది వేరే ప్రామాణికం. యంత్రంలో ఆ అమరిక సరిచూసుకోకపోతే కొన్నిచోట్ల వంద మీటర్లకు పైగా తేడా వచ్చేది. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు చూపడం పైకి అలంకారంలా కనిపించినా వేటలో దానికి చట్టపరమైన విలువ ఉంది. చాలా రాష్ట్రాల్లో జింకను కాల్చడానికి అనుమతి ఉండేది సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే. నిలబడ్డ చోటుకు సరిపోయే వేళను యంత్రమే లెక్కగట్టి చెబుతుంది.

వేట సరదా కాని చోట, బతుకుదెరువైన చోట ఈ యంత్రం ఎలా చేరిందో కెనడా ఉత్తరాన ఇగ్లూలిక్ దీవిలోని ఇన్యూట్ల ఉదంతం చెబుతుంది. అక్కడి వేటగాళ్ళు తరతరాలుగా గాలి కోసిన మంచు దిబ్బల వాలును చూసి దిక్కు పట్టేవారు. పడమటి వైపు నుంచి వీచే బలమైన గాలి మంచును నాలుక ఆకారంలో గడ్డకట్టిస్తుంది, ఆ ఆకారం రోజుల తరబడి చెదరదు. చీకట్లో కూడా స్నోమొబైల్ కింద ఆ దిబ్బలు తగిలే తీరును బట్టి దారి తెలుస్తుంది. 1990ల మధ్యలో జీపీఎస్‌ను ముందుగా అందుకున్నవాళ్ళు వాల్రస్ వేటగాళ్ళు. కదిలే మంచుపలకల మధ్య, పొగమంచులో పడవ మీద ఉన్నవాడికి దిబ్బలూ లేవు, తీరమూ కనబడదు. అక్కడ యంత్రం ప్రాణం కాపాడింది. క్లాడియో అపోర్టా, ఎరిక్ హిగ్స్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో దీని రెండో వైపు కూడా చూపారు. యంత్రం గమ్యానికి సూటిగా గీత గీస్తుంది. ఆ గీత కింద పలచటి మంచు ఉందో, దాటలేని గుట్ట ఉందో దానికి తెలియదు. పెద్దలకు తమ పాత విద్య చేతిలో ఉండగా యంత్రం అదనపు సాయం. ఆ విద్య నేర్వని కుర్రవాడికి సెల్స్ చల్లబడి తెర ఆరిపోతే మిగిలేదేమీ లేదు. పెద్దలు యంత్రాన్ని కాదనలేదు గానీ, దాన్ని నమ్మి వెళ్ళే పిల్లల గురించి కలత పడ్డారు. ఆ కలత పూర్తిగా న్యాయమైనది.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో రాకూన్లు, ఎలుగుబంట్ల వేట జాగిలాలతో సాగుతుంది. అక్కడ తప్పిపోయేది ఎక్కువగా కుక్క. రేడియో పట్టీలు కట్టి, పెద్ద యాంటెనాను అటూ ఇటూ తిప్పుతూ శబ్దం ఏ దిక్కున గట్టిగా ఉందో వెతకడం 1980ల నాటి పద్ధతి. అది దిక్కు చెబుతుంది, దూరం చెప్పదు. 2007లో గార్మిన్ ఆస్ట్రో ఆ పద్ధతిని మార్చేసింది. కుక్క మెడలోని పట్టీ తన స్థానాన్ని తానే లెక్కించి రేడియోలో పంపుతుంది, వేటగాడి చేతి తెర మీద కుక్క ఎక్కడుందో, పరుగులో ఉందో, చెట్టు కింద నిలబడి మొరుగుతోందో కనిపిస్తుంది. 2012లో వచ్చిన గార్మిన్ ఆల్ఫాలో, కుక్కను దూరం నుంచి అదుపు చేసే శిక్షణ పట్టీ కూడా కలిసింది. ఇది వేటను మరీ సులువు చేసిందన్న వాదన ఉంది. ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ రహదారి వైపు పరుగెత్తుతున్న కుక్కను చూసి ముందే అడ్డుకోగలగడం కూడా ఆ తెర వల్లే సాధ్యమైంది. కుక్క పక్కవాడి భూమిలోకి దూకిందన్న సంగతీ అదే తెర చెబుతుంది.

ఆ పక్కవాడి భూమి సమస్యే చేతి జీపీఎస్ చరిత్రను రెండో మలుపు తిప్పింది. 1785 భూశాసనంతో మొదలైన సర్వే పద్ధతి అమెరికా పశ్చిమాన్ని మైలు పొడవు, మైలు వెడల్పు ఉన్న 640 ఎకరాల గళ్ళుగా కోసింది. 1862 నుంచి రైలు కంపెనీలకు దారి పొడవునా గడి విడిచి గడి దానం చేశారు. ఫలితంగా వయోమింగ్ వంటి చోట్ల ప్రభుత్వ భూమి, ప్రైవేటు భూమి చదరంగం బల్లలా అల్లుకుపోయాయి. కంచె ఉన్నంత మాత్రాన అది హద్దు కాదు, లేనంత మాత్రాన హద్దు లేకపోలేదు. మోంటానాలోని మిజూలా వాసి, ఇంజినీరు, వేటగాడు ఎరిక్ సీగ్‌ఫ్రీడ్ 2009లో భూయజమానుల వివరాలతో పటాలు తయారుచేసి, గార్మిన్ యంత్రాల్లో పెట్టుకునే మెమరీ కార్డులుగా అమ్మడం మొదలుపెట్టాడు. ఆ సంస్థే తర్వాత ఆన్‌ఎక్స్ అయింది. అప్పటిదాకా యంత్రం చెప్పింది 'ఇక్కడున్నావు' అన్న ఒక్కమాటే. ఇప్పుడు ఎవరి భూమిలో ఉన్నావో కూడా రంగుల్లో చూపింది. యాంటెనా, ఛానళ్ళ లెక్కలు వెనకబడి, ఏ పటం పడుతుందన్నదే కొనేవాడి మొదటి ప్రశ్న అయింది.

ఈ మార్పు ఎంత దూరం వెళ్ళిందో వయోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ వివాదం చూపిస్తుంది. చదరంగం గళ్ళలో రెండు ప్రభుత్వ గళ్ళు మూల దగ్గర మాత్రమే తాకుతాయి. ఒకదాని నుంచి ఇంకోదానిలోకి అడుగేస్తే ప్రైవేటు గళ్ళ మీది గాలిలోంచి వెళ్ళినట్టే. ఇలా మూలల్లో చిక్కిన ప్రభుత్వ భూమి పశ్చిమంలో 83 లక్షల ఎకరాలని ఆన్‌ఎక్స్ లెక్క. మిస్సోరీ నుంచి వచ్చిన వేటగాళ్ళు తెర మీద మూలను వెతికి, అక్కడ సర్వేయర్లు పాతిన లోహపు గుర్తును కళ్ళారా చూసుకుని, 2021లో నిచ్చెన వేసి నేల తాకకుండా దాటారు. అక్రమ ప్రవేశం కేసులో 2022లో జ్యూరీ వాళ్ళను నిర్దోషులంది. భూయజమాని వేసిన సివిల్ దావాలో కూడా 2025 మార్చిలో ఫెడరల్ అప్పీలు కోర్టు వేటగాళ్ళ పక్షానే తీర్పు చెప్పింది. ఇక్కడ సాంకేతికంగా గమనించాల్సింది ఒకటుంది. మూల అనేది వెడల్పు లేని బిందువు. చేతి జీపీఎస్ మంచి స్థితిలోనూ మూడు నుంచి అయిదు మీటర్లు తప్పుతుంది, తెర మీది హద్దు గీత కూడా కొన్ని మీటర్లు పక్కకు ఉండొచ్చు. యంత్రం హద్దు రాయి లాంటి ఆ గుర్తు దగ్గరకు తీసుకెళ్ళగలదు. హద్దు తేల్చాల్సింది ఆ గుర్తే.

తెలుగు నేల మీద వేటగాడి జీపీఎస్‌కు చోటు లేదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. కానీ ఇదే చేతి యంత్రం 2006 అటవీ హక్కుల చట్టం అమలులో పోడు భూముల కొలతలకు వచ్చింది. ఎకరం, రెండెకరాల చెలక చుట్టూ తిరిగి కొలిచేటప్పుడు ఆ మూడు నుంచి అయిదు మీటర్ల తప్పు సెంట్ల లెక్కన సాగుదారు మీద పడుతుంది. వయోమింగ్‌లో సర్వే గుర్తు పోషించిన పాత్ర ఇక్కడ గట్టుకూ, ఊరి పెద్దల సాక్ష్యానికీ దక్కాల్సిందే.

అమెరికాలో 2010ల నుంచి ఫోన్ వేటగాడి చేతి యంత్రం పని చాలావరకు తీసేసుకుంది. ఆన్‌ఎక్స్ కూడా యాప్‌గా మారి ఫోన్లోకి చేరింది, ముందే దించుకున్న పటం టవర్ లేని చోటా పనిచేస్తుంది. చేతి యంత్రం వైపు మిగిలిన బలాలు కొన్నే అయినా గట్టివి: మార్చుకోదగ్గ సెల్స్, తొడుగుతో నొక్కగల బటన్లు, తడికీ దెబ్బకూ తట్టుకునే డబ్బా, కుక్క పట్టీ రేడియోను వినగల చెవి. 2011లో డిలార్మ్ సంస్థ ఇన్‌రీచ్‌తో ఇరిడియం ఉపగ్రహాల ద్వారా రెండు వైపులా సందేశాలు పంపే సౌకర్యం వచ్చింది. 2016లో గార్మిన్ ఆ సంస్థను కొని, తర్వాత ఆ సౌకర్యాన్ని 66ఐ వంటి చేతి యంత్రాల్లో కలిపింది. కాలు విరిగి కొండలో పడ్డవాడు తానున్న చోటును తానే చెప్పి సాయం కోరగలిగాడు. 2022 నుంచి కొన్ని ఫోన్లూ ఉపగ్రహం ద్వారా ఆపద సందేశం పంపుతున్నాయి. ఇప్పుడు పశ్చిమ కొండల్లోకి వెళ్ళేవాళ్ళలో చాలామంది పటానికి ఫోన్‌ను, చలికీ ఆపదకూ చేతి యంత్రాన్ని కలిపి మోస్తున్నారు. జాగిలాలతో వేటాడేవాళ్ళకు మాత్రం చేతి యంత్రమే నేటికీ ప్రధాన పరికరం.