డబ్లిన్‌లో పేట్రిక్ పండుగ ఎవరిది?

పండుగ అందరిదీ అనటం మనకు అలవాటు. ఆ మాట చరిత్ర ముందు నిలవదని చెప్పటానికి, ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో ఏటా మార్చి 17న జరిగే పునీత పేట్రిక్ పండుగ కంటె మంచి ఉదాహరణ నాకు కనబడదు. రోజు ఒకటే, నగరం ఒకటే. కాని జరిపించే చేతులు మారినప్పుడల్లా పండుగ అర్థం మారుతూ వచ్చింది.

ముందు ఆ మనిషి సంగతి చూద్దాం. ఐర్లండుకు పాలక పునీతుడైన పేట్రిక్ ఐర్లండులో పుట్టినవాడు కాడు. అయిదో శతాబ్దపు మనిషి, పుట్టింది బ్రిటన్‌లో. పదహారేళ్ళ ప్రాయంలో దోపిడిగాండ్రు అతన్ని పట్టుకుపోయి బానిసను చేశారు. ఆరేళ్ళు ఐర్లండులో మందలు కాచి, పారిపోయి, తర్వాత మతప్రచారకుడై ఆ దేశానికే తిరిగి వచ్చాడు. పాములను తరిమాడన్నది కట్టుకథ. అతని రచనలు రెండు మిగిలాయి. వాటిలో ఒకటి, తాను జ్ఞానస్నానం ఇచ్చిన మనుషులను చంపి, మిగిలినవారిని బానిసలుగా పట్టుకుపోయిన కొరోటికస్ సైనికులను ఖండిస్తూ రాసిన లేఖ.

ఇటువంటి వాణ్ణి పాలకులు ఏం చేశారు? 1783లో మూడో జార్జి రాజు ప్రభువులను మచ్చిక చేసుకోవటానికి పేట్రిక్ పేర ఒక బిరుదు స్థాపించాడు. డబ్లిన్ కోటలో పండుగనాడు వైస్రాయి నాట్యోత్సవాలు జరిగేవి. 1845లో మొదలైన మహాక్షామంలో సుమారు 10 లక్షల మంది చచ్చిపోయారు. దాదాపు అంతమందీ ఓడలెక్కి వెళ్ళిపోయారు. 1900లో విక్టోరియా రాణి, పండుగనాడు ఐరిష్ సైనికులు షామ్‌రాక్ ఆకు ధరించవచ్చునని సెలవిచ్చింది. బోయరు యుద్ధంలో తన సామ్రాజ్యం కోసం ప్రాణాలిచ్చినందుకు అది బహుమానం!

ప్రజలు ఊరుకోలేదు. 1916 మార్చి 17న ఐరిష్ వాలంటీర్లు డబ్లిన్ నడిబొడ్డున, కాలేజి గ్రీన్‌లో, కవాతు చేశారు. ఆరు వారాలు తిరగకుండానే, ఏప్రిల్ 24న, తిరుగుబాటు వచ్చింది. అందులో పోరాడిన కార్మిక నాయకుడు జేమ్స్ కొనొలీ గాయాలతో నిలబడలేకపోతే, మే 12న కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. కొనొలీ కూడ ఐర్లండులో పుట్టినవాడు కాడు. ఎడింబరోలో వలస కుటుంబంలో పుట్టాడు. ఆ రోజుల్లో డబ్లిన్‌లో ఒక తెలుగు విద్యార్థి న్యాయశాస్త్రం చదువుతున్నాడు. బరంపురం నుంచి 1913లో వెళ్ళిన వరాహగిరి వెంకటగిరి. 1916లో ఆ దేశం విడిచి రావలసివచ్చిన ఆయన తర్వాత మన రైల్వే కార్మికుల నాయకుడయ్యాడు. 1969లో రాష్ట్రపతి అయ్యాడు.

1922లో స్వతంత్ర రాజ్యం వచ్చింది. పండుగ ప్రజల చేతికి వచ్చిందా? పండుగనాడు సారాదుకాణాలు మూయించే చట్టాలు వచ్చాయి. 1960 దాకా అమలైనాయి. 1950లలో ఊరేగింపు నిండా ఫ్యాక్టరీ సరుకుల ప్రదర్శన. అదే దశాబ్దంలో పని దొరకక సుమారు 4 లక్షల మంది దేశం వదిలారు. సరుకు వీథిలో ఊరేగుతుంటే, దాన్ని తయారుచేయవలసిన చేతులు రేవు దాటిపోతున్నాయి. 1995లో ప్రభుత్వం పండుగను పెద్ద ఉత్సవంగా తీర్చటానికి ఏర్పాటుచేసింది. అప్పటినుంచి అది యాత్రికులను పిలిచే వ్యాపారం కూడ. అసలు ఈ భారీ ఊరేగింపుల సంప్రదాయం పెరిగింది ప్రవాసంలో. న్యూయార్కులో అది 1762లోనే మొదలైంది.

పండుగలో వినోదం తప్పా అని కొందరడగవచ్చు. తప్పు కాదు. నేటి ఊరేగింపులో వలసవచ్చినవారి బృందాలు కూడ నడుస్తున్నాయి. అది మెచ్చుకోదగిన మార్పు. అయితే 2023 నవంబరులో అదే డబ్లిన్ వీథుల్లో పరదేశీయుల మీద ద్వేషంతో అల్లరిమూకలు బస్సులు తగలబెట్టాయి. 2025 వేసవిలో అక్కడి భారతీయుల మీద దాడులు జరిగాయి. ఆగస్టులో జరగవలసిన భారత దినోత్సవాన్ని నిర్వాహకులు వాయిదా వేసుకున్నారు.

పరదేశీయుణ్ణి తరమమనేవాడు కూడ మార్చి 17న ఆకుపచ్చ బట్టలు కట్టుకుంటాడు. బానిసగా వచ్చిన పరదేశీయుడికే తాను పండుగ చేస్తున్నానని అతనికి ఎవరూ గుర్తుచేయరు. గుర్తుచేయటం చరిత్రకారుల పని, రచయితల పని. కొరోటికస్‌కు రాసిన ఆ లేఖను ఏటా ఊరేగింపుకు ముందు వీథిలో చదివితే చాలు. పండుగ ఎవరిదో వినేవాళ్ళే తేల్చుకుంటారు.