పరుగెత్తిన క్రియ



చాలా ఏళ్ల క్రిందటి మాట. ఇంగ్లీషు మాస్టారు సెలవు పెట్టిన రోజున ఎనిమిదో తరగతికి నన్ను పంపించారు. తెలుగు పండితుణ్ణి, అయినా అనువాదాభ్యాసమే గదా అని ధైర్యం చేశాను. 'హిజ్ ఫాదర్ రన్స్ ఎ షాప్' అన్న వాక్యానికి వెనుక బల్ల మీది కుర్రవాడు 'అతని తండ్రి దుకాణమును పరుగెత్తించును' అని వ్రాశాడు. తరగతి అంతా గొల్లుమన్నది. నేనూ నవ్వాను. ఎర్రసిరాతో కొట్టివేసి 'నడుపును' అని దిద్దాను. దిద్దుబాటు సరైనదే. నవ్వు మాత్రం సరైనది కాదని ఆ క్రియ చరిత్ర చదివిన తర్వాతనే తెలిసింది.

ఇంగ్లీషు మాటల చరిత్రకు ప్రమాణగ్రంథం ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు. లండన్‌లోని ఫిలలాజికల్ సొసైటీ 1857లో తలపెట్టిన ఆ పనికి 1879లో జేమ్స్ మర్రే సంపాదకుడైనాడు. మొదటి భాగం 1884లో వెలువడింది. మన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం వెలుగు చూసినది ఆ మరుసటి ఏడే. మర్రే 1915లో కన్నుమూశాడు. నిఘంటువు ముగిసేసరికి 1928 వచ్చింది. 1989 నాటి రెండవ కూర్పులో అన్నింటికన్నా పెద్ద వివరణ 'సెట్' అనే మాటది. దానికి 430 అర్థాలు లెక్కించారు. కొత్త కూర్పులో ఆ పెద్దరికం చేజారింది. పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు తొమ్మిది నెలలకు పైగా శ్రమించి 'రన్' అన్న ఒక్క క్రియకే 645 అర్థాలు తేల్చినట్లు 2011లో లోకానికి తెలిసింది.

ఇన్ని అర్థాలు ఎక్కడివి? మొదటి కారణం వ్యాకరణంలో ఉన్నది. ప్రాచీనాంగ్లంలో ఇవి రెండు క్రియలు. తనంతట తాను పరుగెత్తడం 'ఇర్నన్'. గుర్రాన్నో మరొకదాన్నో పరుగెత్తించడం 'ఎర్నన్'. మన నడుచు, నడుపు వంటి జంట అన్నమాట, రెండవది ప్రేరణార్థకం. ఈ 'ఇర్నన్' కూడా 'రిన్నన్' అనే పాత రూపం నుండి వర్ణవ్యత్యయం వల్ల పుట్టినదే. తమిళుల 'ఉరల్' మనకు 'రోలు' అయినట్లు అక్కడ కూడా అచ్చు, రేఫ స్థానాలు మార్చుకున్నాయి. తరువాత ఉత్తరదేశాల నుండి వచ్చి స్థిరపడ్డవారి నార్స్ భాష పొత్తుతో రేఫ మళ్లీ ముందుకు వచ్చింది. కాలక్రమంలో రెండు క్రియలూ ఒకే రూపంలో కలిసిపోయాయి. జర్మన్ భాష నేటికీ ఆ జంటను విడిగానే ఉంచుకున్నది: 'రిన్నెన్' అంటే కారడం, పారడం, 'రెన్నెన్' అంటే పరుగెత్తడం. ఇంగ్లీషులో నీరు పారినా, ముక్కు కారినా, గుర్రం ఉరికినా అన్నిటికీ 'రన్' ఒక్కటే.

రెండవ కారణం యంత్రయుగం. ఆవిరియంత్రం, రైలు, కర్మాగారం, ఆపైన కంప్యూటరు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వచ్చిన ప్రతి యంత్రమూ 'రన్' అయింది. యంత్రాన్ని నడిపినట్లే వ్యాపారాన్నీ, కార్యాలయాన్నీ, ప్రభుత్వాన్నీ 'రన్' చేయసాగారు. అమెరికావాడు ఎన్నికలలోనూ 'రన్' అవుతాడు. ఇంగ్లాండువాడు మాత్రం 'స్టాండ్' అవుతాడు. మన అభ్యర్థి కూడా నిలబడతాడే గాని పరుగెత్తడు.

మన తెలుగు ఈ పని అంతా ఒక్క మాటకు అప్పగించలేదు. కాలువ పారుతుంది, ముక్కు కారుతుంది, తీగ పాకుతుంది, గానుగ ఆడుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. దక్షిణదేశంలో మొదటి రైలు 1856లో మద్రాసు రాయపురం నుండి వాలాజా రోడ్డుకు ఉరికింది. అయినా ఎంత వేగంగా పోయే రైలైనా మనకు నడుస్తుందే గాని పరుగెత్తదు. 'ఆలస్యముగా నడుచుచున్నది' అని స్టేషనులో ప్రకటన వింటూనే ఉంటాము. దుకాణమూ నడుస్తుంది, సంసారమూ నడుస్తుంది, కాలమూ నడుస్తుంది. ఇంగ్లీషువాడు పరుగెత్తే చోట మనం నడుస్తాము. ఇందులో ఏ భాషా గొప్పదీ కాదు, కొంచెమూ కాదు. బరువు మోయడానికి ఆ భాష ఒక ఎద్దును ఎంచుకున్నది, మనది నాలుగైదింటికి పంచింది.

ఇక ఆ కుర్రవాడి సంగతి. 'రన్' అంటే పరుగెత్తు అని ఒక్క అర్థమే మేము వాడికి నేర్పాము. వాక్యంలో కర్మ కనిపించింది గనుక, ఉన్న ఒక్క అర్థానికి ప్రేరణార్థకం కట్టి 'పరుగెత్తించును' అన్నాడు. అది తెలివితక్కువ కాదు, వ్యాకరణజ్ఞానం. వెయ్యేళ్ల నాటి 'ఎర్నన్'కు అంతకన్నా అచ్చమైన తెలుగు లేదు. వాడికి తెలియనిది ఇంగ్లీషువాడి అలవాటు మాత్రమే. నాకు తెలియనిది ఆ మాట పుట్టుక. ఇద్దరి అజ్ఞానంలోనూ నవ్వులపాలైనది వాడొక్కడే.

ఇప్పుడైనా ఆ వాక్యాన్ని దిద్దుతాను. కాని ముందు 'ఇలా ఎందుకు వ్రాశావు నాయనా?' అని అడుగుతాను. ఆనాడు అడగవలసిన ప్రశ్న అది.