మోరీలోకి ఏం వదలొచ్చు, ఏం వదలకూడదు? మురుగునీటి నియమాలు, వాటి వెనుక కారణాలు

2015 నవంబర్‌లో కేరళలోని కోజికోడ్‌లో ఇద్దరు ఆంధ్ర కార్మికులు పని మీద మ్యాన్‌హోల్‌లోకి దిగి, లోపలి గ్యాస్‌కు ఊపిరాడక పడిపోయారు. వాళ్లను కాపాడాలని ఒక స్థానిక ఆటో డ్రైవర్ కూడా లోపలికి దిగాడు. ముగ్గురూ ప్రాణాలు కోల్పోయారు.

వంటింటి సింకులోనో, దుకాణం వెనుక మోరీలోనో ఏదైనా పోసేస్తే అక్కడితో దాని కథ అయిపోయిందని అనుకుంటాం. నిజానికి కథ అక్కడే మొదలవుతుంది. అది ముందు పైపులోకి, తర్వాత పైపు బాగుచేసే మనిషి ఊపిరిలోకి, ఆ తర్వాత శుద్ధి కేంద్రంలోకి, చివరికి నదిలోకి చేరుతుంది. ఒకసారి కలిసిపోయిన దాన్ని మళ్లీ విడదీయడం చాలా కష్టం. అందుకే మురుగు పైపులోకి ఏది రావొచ్చు, ఎంత రావొచ్చు అనే దానికి చట్టం హద్దులు పెట్టింది.

హైదరాబాద్ మురుగు వ్యవస్థ

1908 సెప్టెంబర్ 28న వచ్చిన మూసీ వరద వేలమందిని బలితీసుకుంది. ఆ తర్వాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దే పనికి నిజాం ప్రభుత్వం ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలతో పాటు భూగర్భ డ్రైనేజీ కూడా ఆ ప్రయత్నంలో భాగమే. 1931 నాటి ఆ డ్రైనేజీ వ్యవస్థ ఐదు లక్షల లోపు జనాభాకు సరిపోయేది. ఇప్పుడు నగర జనాభా కోటికి చేరువైంది.

1989లో ప్రత్యేక చట్టంతో ఏర్పడిన జలమండలి నీళ్లు, మురుగు రెండింటినీ చూస్తుంది. మురుగు శుద్ధి కేంద్రాల్లో అంబర్‌పేటది పెద్దది. దాని సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. 2021 నాటి లెక్క ప్రకారం మహానగర ప్రాంతంలో రోజుకు సుమారు 195 కోట్ల లీటర్ల మురుగు పుడుతుంటే, శుద్ధి సామర్థ్యం సుమారు 77 కోట్ల లీటర్లే. అందుకే రూ.3,866 కోట్లతో 31 కొత్త కేంద్రాలు మంజూరయ్యాయి. అవి ఒక్కొక్కటిగా పని మొదలుపెడుతున్నాయి.

నాలుగు రకాల ప్రమాదం

మొదటిది, పైపు మూసుకుపోవడం. వేడిగా ఉన్నప్పుడు నూనె నీళ్లలా జారిపోతుంది. పైపులో చల్లబడ్డాక గట్టిపడి గోడలకు అంటుకుంటుంది. దానికి తడి టిష్యూలు, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు తోడైతే బండరాయి లాంటి గడ్డ తయారవుతుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతంలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువున్న ఇలాంటి గడ్డ బయటపడింది.

రెండోది, నిప్పు. పెట్రోల్, థిన్నర్, కిరోసిన్ ఆవిరి పైపుల్లో నిండితే ఒక్క నిప్పురవ్వ చాలు. 1992 ఏప్రిల్ 22న మెక్సికోలోని గ్వాడలహారా నగరంలో మురుగు పైపుల్లో చేరిన పెట్రోల్ పేలి వీధులకు వీధులే చీలిపోయాయి. 200 మందికి పైగా చనిపోయారు. పెట్రోల్ వాసన వస్తోందని అక్కడి జనం అంతకు కొన్ని రోజుల ముందు నుంచే ఫిర్యాదు చేస్తున్నారు.

మూడోది, విషవాయువు. గాలి ఆడని మురుగులో బాక్టీరియా వల్ల హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. తక్కువగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు వాసన పసిగట్టడమే మానేస్తుంది. వాసన పోయింది కదా అని ధైర్యంగా దిగిన మనిషి కుప్పకూలేది అందుకే. యాసిడ్ పోస్తే మురుగులోని సల్ఫైడ్ ఒక్కసారిగా గ్యాస్‌గా మారి బయటికి వస్తుంది. ఇదే గ్యాస్ పైపు పైభాగంలో సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారి కాంక్రీటును తినేస్తుంది.

నాలుగోది, శుద్ధి కేంద్రం దెబ్బతినడం. అక్కడ మురుగును శుభ్రం చేసేది ప్రధానంగా సూక్ష్మజీవులే. సైనైడ్, క్రోమియం, ఘాటైన యాసిడ్ ఒక్కసారిగా వస్తే అవి చచ్చిపోతాయి. అప్పుడు నగరం మురుగంతా సరిగా శుద్ధి కాకుండానే బయటికి పోతుంది.

చట్టం ఏం చెబుతోంది?

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంలోని 24వ సెక్షన్, విషపూరిత పదార్థాలను తెలిసి వాగుల్లోకే కాదు, మురుగు పైపులోకి వదలడాన్ని కూడా నిషేధిస్తుంది. 25వ సెక్షన్ ప్రకారం పరిశ్రమలు వ్యర్థజలం వదలాలంటే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి.

ఎంత వరకు వదలొచ్చు అనేది 1986 పర్యావరణ పరిరక్షణ నిబంధనల ఆరో షెడ్యూల్‌లో ఉంది. పబ్లిక్ మురుగు పైపులోకి వదిలే ప్రతి లీటరు వ్యర్థజలంలో ఉండదగిన గరిష్ఠ మోతాదుల్లో ముఖ్యమైనవి ఇవి:

- నీటిలో తేలియాడే ఘనపదార్థాలు: 600 మిల్లీగ్రాములు
- నూనె, గ్రీజు: 20 మిల్లీగ్రాములు
- బీఓడీ: 350 మిల్లీగ్రాములు
- సీసం: 1 మిల్లీగ్రాము
- క్రోమియం: 2 మిల్లీగ్రాములు
- సైనైడ్: 2 మిల్లీగ్రాములు
- పాదరసం: 0.01 మిల్లీగ్రాము

పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. బీఓడీ అంటే మురుగులోని కుళ్లే పదార్థాన్ని తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్.

నదుల్లోకి, చెరువుల్లోకి నేరుగా వదిలే నీటికి ఇదే షెడ్యూల్‌లో బీఓడీ హద్దు 30 మాత్రమే. మురుగు పైపుకు 350 దాకా ఎందుకు సడలింపు ఇచ్చారంటే, మిగతా పని శుద్ధి కేంద్రం చేస్తుందనే నమ్మకంతో. ఆ పైపు జీవ ప్రక్రియతో శుద్ధి చేసే కేంద్రానికి చేరితేనే ఈ సడలింపు వర్తిస్తుందని షెడ్యూల్‌లోనే షరతు ఉంది. కేంద్రానికి చేరని పైపులోకి వదిలినా నదిలోకి వదిలినట్టే లెక్క. మురుగులో సగం కూడా శుద్ధి కాని రోజుల్లో ఈ షరతు ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు.

శుద్ధి కేంద్రానికీ హద్దులున్నాయి

మలమూత్రాలు, తిండి వ్యర్థాల కోసం కట్టిన కేంద్రం సీసాన్నీ క్రోమియాన్నీ మాయం చేయలేదు. అవి కొంత బురదలో చేరతాయి, మిగతాది నీటితో పోతుంది. మూసీ దిగువన ఆ నీటితోనే గడ్డి, ఆకుకూరలు, వరి పండిస్తారు.

మందుల విషయంలో పటాన్‌చెరు అనుభవం గుర్తుంచుకోదగ్గది. పలు ఫార్మా కంపెనీల వ్యర్థజలాన్ని తీసుకునే అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ప్రచురితమైన స్వీడన్ శాస్త్రవేత్తల అధ్యయనం తేల్చింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే దానికన్నా అది ఎక్కువ. ఆరో షెడ్యూల్‌లోని ఈ సాధారణ పట్టికలో యాంటీబయాటిక్‌లకు హద్దే లేదు.

హోటళ్లు, దుకాణాలు, వర్క్‌షాపులు

పెద్ద ఫ్యాక్టరీలే కాదు, గల్లీలోని చిన్న వ్యాపారం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. బిర్యానీ, హలీమ్ వండే హోటల్ గిన్నెలు కడిగిన నీళ్లు నేరుగా మోరీలోకి పోకూడదు. మధ్యలో గ్రీజ్ ట్రాప్, సిల్ట్ చాంబర్ ఉండాలి. వాటిలో నూనె పైకి తేలుతుంది, మట్టి, మెతుకులు అడుగున చేరతాయి. వాటిని క్రమం తప్పకుండా తీయించాలి. తీయించకపోతే చాంబర్ ఉన్నా లేనట్టే.

మెకానిక్ షెడ్లు వాడిన ఇంజన్ ఆయిల్‌ను డబ్బాల్లో పోగుచేసి, అనుమతి ఉన్న రీసైక్లర్లకు ఇవ్వాలి. బ్యాటరీ యాసిడ్, పాలిష్, ప్లేటింగ్ నీళ్లు అసలు మోరీ దాకా రాకూడదు.

మాంసం దుకాణాల విషయానికొస్తే, లీటరు రక్తం బీఓడీ లక్ష మిల్లీగ్రాములు దాటుతుంది. చట్టం పెట్టిన హద్దు 350. అంటే ఒక్క లీటరు రక్తం దాదాపు 300 లీటర్ల మురుగు పెట్టే భారం పెడుతుంది. బక్రీద్ రోజుల్లో ఖుర్బానీ వ్యర్థాల కోసం జీహెచ్ఎంసీ సంచులు పంచి, వాహనాలు ఏర్పాటు చేసేది అందుకే. పేగులు, పొట్టలోని వ్యర్థం ఆ సంచుల్లోకే వెళ్లాలి, నాలాలోకి కాదు.

కార్మికుల ప్రాణాలకు రక్షణ

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు పైపులోకి గానీ, సెప్టిక్ ట్యాంకులోకి గానీ దింపడాన్ని 2013 చట్టం నేరంగా ప్రకటించింది. మొదటిసారి తప్పుకు రెండేళ్ల దాకా జైలు, లేదా రూ.2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కాంట్రాక్టర్‌కే కాదు, ఇంటి సెప్టిక్ ట్యాంకు కోసం కూలీని దింపే యజమానికీ ఇది వర్తిస్తుంది. మురుగు పనిలో చనిపోయిన వారి కుటుంబానికి రూ.10 లక్షలు ఇవ్వాలని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబర్‌లో ఆ మొత్తాన్ని రూ.30 లక్షలకు పెంచింది.

ఇంట్లో పాటించాల్సినవి

- వాడిన నూనెను చల్లారాక సీసాలో పోసి చెత్తబండికి ఇవ్వాలి. జిడ్డు గిన్నెను కడిగే ముందు కాగితంతో తుడవాలి.
- యాసిడ్, బ్లీచింగ్ ఎప్పుడూ కలిపి పోయకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది.
- ప్యాడ్లు, డైపర్లు, తడి టిష్యూలు, పాత మందులు టాయిలెట్‌లో వేయకూడదు.
- వాన నీళ్లు పోవడానికి మ్యాన్‌హోల్ మూత తెరవడం నేరం. వరదలో అది కనబడక మనుషులు పడిపోతారు.
- మురుగు పొంగినా, మోరీలో పెట్రోల్ లేదా రసాయనాల వాసన వచ్చినా జలమండలి నంబర్ 155313కు ఫోన్ చేయాలి. సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించడానికి 14420.
- ఎవరైనా మ్యాన్‌హోల్‌లో పడిపోతే కాపాడటానికి లోపలికి దిగకూడదు. అగ్నిమాపక సిబ్బందిని 101కు ఫోన్ చేసి పిలవాలి. పడిపోయిన వాళ్ల వెనకే దిగి చనిపోయిన వాళ్లు ఎందరో ఉన్నారు. కోజికోడ్ ఆటో డ్రైవర్ వాళ్లలో ఒకడు.