అచ్చుపోసిన ఆబోతు: గంజాం సీమలో కొన్ని నవ్వుమాటలు

ఉగాదినాడు పంచాంగ శ్రవణం జరుగుతూంటే మనమంతా రెండు ఘట్టాల దగ్గర మాత్రమే చెవులు నిక్కించి కూర్చుంటాము. ఒకటి మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అన్నది. రెండవది రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నది. నడుమ సిద్ధాంతిగారు పశునాయక ఫలం చదువుతారు. ఈ ఏడు పశుపాలకుడెవరో, గోష్ఠప్రాపకుడెవరో చెప్పి, శ్రీకృష్ణుడో బలరాముడో అయితే పశువులకు మేలనీ, యముడైతే కీడనీ వివరిస్తారు. ఆ వేళకు సభలో సగంమంది ఉగాది పచ్చడి వైపు చూస్తూంటారు. బరంపురంలో కాపురముండి, పాలపాకెట్టు కత్తిరించుకొని కాఫీ త్రాగే మనకు పశునాయకుడితో పనేమిటి అనిపించడం సహజమే. కాని మన తాతల కాలపు రైతు సరిగ్గా ఈ ఘట్టానికే నాలుగడుగులు ముందుకు జరిగి కూర్చునేవాడు.

పని లేకుండా ఊరు తిరిగే కుర్రవాణ్ణి "అచ్చోసిన ఆంబోతు" అని తిట్టడం మన ఇళ్ళలో ఉన్నదే. ఇక్కడ పుట్టి ఒరియా బడిలో చదివే మన పిల్లలకు కూడ ఈ తిట్టు బాగా తెలుసు. అచ్చు ఏమిటో, దానిని ఆబోతుకు ఎందుకు వేసేవారో మాత్రం తెలియదు. ఈ వ్యాసంలో ఆ సంగతే మనవి చేయదలచాము.

ఇంటి పెద్ద గతించినప్పుడు పదకొండవనాడు వృషోత్సర్జనం చేయడం శాస్త్రం చెప్పిన ఆచారం. ఒక కోడెదూడ తొడమీద శూలమో చక్రమో కాల్చి ముద్ర వేసి, దేవుని పేర విడిచిపెట్టేవారు. ఆ ముద్రే అచ్చు. ఆనాటినుండి ఆ కోడె మెడమీద కాడి పెట్టకూడదు, వీపుమీద బరువు మోపకూడదు. ఏ చేలో మేసినా కర్ర ఎత్తకూడదు. పైకి ఇది పుణ్యకార్యం. లోపల చూస్తే గొప్ప లౌక్యమున్న ఏర్పాటు. ఊరి ఆవులన్నిటికీ ఒక మేలైన ఆబోతు కావాలి. దానిని ఒక్క రైతు కట్టివేసి మేపడం కష్టం. అందుచేత ఊరంతా తలా ఒక పిడికెడు మేత పన్నుగా చెల్లించేది. ఆబోతు చేలో పడి తిన్నదే ఆ పన్ను!

ఇంత మేత ఉచితంగా తినబోయే జీవాన్ని ఊరు ఊరకే అంగీకరిస్తుందా? "దానమిచ్చిన ఆవుకు పళ్ళెంచినట్లు" అని సామెత. ఆవు విషయంలో అది తప్పేమో గాని, దానమిచ్చిన ఆబోతుకు మాత్రం ఊరంతా వచ్చి పళ్ళెంచేది. రచ్చబండ దగ్గర కోడెను నిలబెట్టగానే పరీక్షాధికారులు పదిమంది తయారు. మూపురం నిటారుగా ఉన్నదా, ఒక ప్రక్కకు ఒరిగిందా? గంగడోలు మడతలు పడి వ్రేలాడుతున్నదా? ముట్టె, గిట్టలు, తోకకుచ్చు నల్లగా ఉన్నవా? సుడి ఎక్కడ పడ్డది? ఈ సుళ్ళ శాస్త్రంలో ఒక విశేషమున్నది. చెడ్డ సుడి ఎప్పుడూ పొరుగువాని కోడె మీదనే కనిపిస్తుంది.

ఈ పరీక్షలో ప్రశ్నలన్నీ పరిహాసాలే. కోడెను తెచ్చిన ఆసామి మూపురం చూడండి, మూపురం చూడండి అని పొగడుతూంటే ఒక ముసలి రైతు అడ్డు తగిలేవాడు: "మూపురం పిండుకుంటామా నాయనా? ముందు దీని తల్లి పొదుగు చూపించు." కోడె మహా సాధువు, పసిపిల్ల తాడు పట్టుకొన్నా వెంట నడుస్తుంది అన్నాడనుకోండి, "అయితే పెళ్ళికొడుకును తెమ్మంటే సన్యాసిని తెచ్చావన్నమాట" అని ఇంకొకరు. అతిశయోక్తి మరీ ముదిరితే, ఎద్దు ఈనిందంటే దూడను గాటను కట్టమన్న సామెత ఉండనే ఉన్నది. నవ్వు తెరలు తెరలుగా లేచేది. ఆసామి మొగం ఎర్రబడేది. కాని మరుసటిసారి ఎవరైనా బక్కకోడెను పుణ్యం పేరుతో ఊరిమీదికి తోలాలంటే ఈ నవ్వు గుర్తుకు వచ్చి జంకేవాడు. ఆ భయమే చట్టం. ఆ నవ్వే న్యాయస్థానం.

ఈ పరిహాసాలకు మూలంలో ఒక కఠిన సత్యమున్నది. ఆబోతు పాలివ్వదు. దాని గుణం దాని కూతుళ్ళలో తేలవలసిందే. ఆవు చూడి తొమ్మిది నెలల పైచిలుకు. పుట్టిన పెయ్య మొదటి ఈతకు వచ్చేసరికి దేశవాళీ పశువుల్లో సుమారు నాలుగేళ్ళు. వెరసి అయిదేళ్ళు గడిస్తే గాని తీర్పు రాదు. తీర్పు వచ్చేనాటికి ముద్దాయి ముసలివాడయిపోతాడు! ఇంగ్లండులో రాబర్టు బేక్‌వెల్ అనే రైతు (1725–1795) ఈ చిక్కుకు ఒక ఉపాయం పన్నాడు. తన పొట్టేళ్ళను అమ్మకుండా ఇతరులకు అద్దెకిచ్చి, వాటి సంతానం ఎట్లున్నదో కనిపెట్టి, మంచివాటిని తిరిగి తన మందకు వాడుకొనేవాడు. ఆయన పేరుపొందిన ఆబోతు ఒకదాని పేరు "టూపెన్నీ", అనగా రెండు కాసులు. ఎట్లా వచ్చినా ఆ పేరు మన చెవికి రచ్చబండ ఎగతాళిలాగే వినిపిస్తుంది.

మన పెద్దల పరీక్ష వ్యర్థం కాలేదనడానికి ఒంగోలు జాతే సాక్ష్యం. పందొమ్మిదవ శతాబ్దంలోనే ఈ పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. ఆనాటి నెల్లూరు జిల్లా పేర అక్కడ వాటిని నేటికీ "నెలోర్" అంటారు. 1960 దశకం తొలినాళ్ళలో ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరుతో వెళ్ళిన ఆబోతు ఒకటి అక్కడ ఎన్నో మందలకు మూలపురుషుడైనది. ఈనాడు బ్రెజిల్ పశుసంపదలో అధిక భాగం ఆ నెలోర్ రక్తమే.

ఇక మన గంజాం సంగతి. దక్షిణాదినుండి ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చిన తెలుగువారు మొదట నవ్వేది రెండింటికి. మొదటిది మాట. ఒరియాలో ఆబోతును "షండ" అంటారు. పలికేటప్పుడు "సొండొ" వలె వినిపిస్తుంది. తెలుగులో షండుడంటే నపుంసకుడు. మందకంతటికీ మగడైన వానికి ఈ బిరుదేమిటని మనవారు ముక్కున వేలు వేసుకొంటారు. నిజానికి సంస్కృతంలో షండ శబ్దానికి అచ్చువేసి విడిచిన వృషభమనే అర్థం కూడ ఉన్నది. ఒరియావారు ఒక అర్థం ఉంచుకొన్నారు, మనం రెండవది పట్టుకొన్నాము. కాబట్టి ఎవరిని చూచి ఎవరు నవ్వాలో తేలని వ్యవహారమిది.

రెండవ నవ్వు ఘుముసరి పశువును చూచి. భంజనగర్ చుట్టుప్రక్కల, కంధమాల్ కొండల వైపు కనిపించే ఈ జాతి పొట్టిది. తెల్లని వన్నె, ఇంచుమించు మీటరు ఎత్తు. ఒంగోలు గిత్తను చూచిన కంటికి ఇది ఆబోతా, దూడా అనిపిస్తుంది. కాని కొండవాలు మడిచెక్కలో, వరిగడ్డి తప్ప వేరు మేత లేనిచోట, అది చకచక దున్నిపోతుంది. ఒంగోలు గిత్తకు అక్కడ మలుపు తిరగడమే కష్టం. ఘాటీకి ఒక ఇంజను, మైదానానికి ఒక ఇంజను అన్నది రైల్వేలో పనిచేసే మాకు తెలిసిన సంగతే. అట్లే చిలక సరస్సు గేదె రాత్రివేళ నీళ్ళలోకి దిగి ఉప్పునీటి గడ్డి మేసి, తెల్లవారి ఇంటి దారి పడుతుంది. గంజాం మేకనైతే తరతరాలుగా మందలతో ఊరూరా తిరుగుతూ పెంచి నిలబెట్టినవారు ఈ ప్రాంతపు గొల్లలే. ఘుముసరి ఆవు, చిలక గేదె, గంజాం మేక మూడూ ఈనాడు జాతీయ స్థాయిలో నమోదైన జాతులు. పొట్టిదని మనం నవ్విన పశువు ఈ నేల పెట్టిన పరీక్షలో ముందే నెగ్గినది.

1936వ సంవత్సరం ఈ కథలో ముఖ్యమైనది. ఆ ఏడు ఏప్రిల్ 1వ తేదీన గంజాం మద్రాసు రాజధానినుండి విడివడి క్రొత్త ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. అదే నెలలో లిన్‌లిత్‌గో ప్రభువు వైస్రాయిగా వచ్చి, ధనవంతులు గ్రామాలకు మేలుజాతి ఆబోతులను దానమివ్వవలెనని పిలుపునిచ్చి, తానూ ఇచ్చాడు. వృషోత్సర్జనం ఢిల్లీదాకా ప్రాకినదన్నమాట! 1940లో మద్రాసు ప్రభుత్వం పశువృద్ధి చట్టం చేసింది. ఆబోతుకు లైసెన్సు వచ్చింది. రచ్చబండ ముసలి రైతు చేసే పని ఇన్‌స్పెక్టరు చేతికి పోయింది.

అప్పటికే పాత ఆచారం చితికిపోయింది. బీళ్ళు సాగులోకి వచ్చి మేత తగ్గింది. ఖర్చు లేకుండా పుణ్యం కావాలనుకొన్నవారు ఎందుకూ పనికిరాని దూడకే అచ్చువేసి తోలివేయసాగారు. పరీక్ష పోయి అచ్చు మిగిలింది. గౌరవసూచకమైన మాట తిట్టుగా మారింది. ఈనాడు ఊళ్ళో ఆబోతే కనిపించదు. ద్రవ నత్రజనిలో సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో దాచిన వీర్యం సన్నని గొట్టంలో వస్తుంది. గొట్టంమీద ఆబోతు నెంబరు ఉంటుంది. పెళ్ళికొడుకును చూడకుండా జాతకచక్రం మాత్రం చూచి ముహూర్తం పెట్టినట్లు!

మేము దీనిని తప్పుపట్టడం లేదు. కూతుళ్ళ పాలు కొలిచి ఆబోతును ఎంచే పద్ధతి ముసలి రైతు అడిగిన ప్రశ్నకు శాస్త్రం చెప్పిన జవాబే. జెర్సీ సంకరంతో ఎన్నో ఇళ్ళలో పాలు పెరిగిన మాట నిజం. కాని ఎక్కువ పాలు అన్న ఒక్క కొలతతోనే అన్ని ఊళ్ళనూ కొలిస్తే ఘుముసరి కోడె ప్రతి పరీక్షలోనూ తప్పుతుంది. ఎండకు, కొరమేతకు, కొండవాలుకు కూడ మార్కులు వేయవలెను గదా. ఒకసారి రక్తం కలిసిపోయిన జాతిని మళ్ళీ వడగట్టి తీయడం ఎవరి తరమూ కాదు.

కాబట్టి ఈ ఉగాదికి మా మనవి చిన్నది. పశునాయక ఫలం వచ్చినప్పుడు పచ్చడి గిన్నె క్షణకాలం ప్రక్కన పెట్టి, ప్రక్కనున్న పిల్లవానికి మూపురమంటే ఏమిటో, గంగడోలు అంటే ఏమిటో చెప్పండి. అచ్చోసిన ఆంబోతని వానిని తిట్టవలసి వచ్చినా, ఆ అచ్చు ఊరంతా పరీక్షించి వేసిన ముద్ర అని కూడ చెప్పండి. భంజనగర్ వైపు వెళ్ళినప్పుడు పొట్టి తెల్లకోడె ఎదురైతే నవ్వండి, తప్పులేదు. నవ్విన తరువాత దాని నేలను, దాని తల్లిని గూర్చి కూడ ఒక మాట అడగండి.

సోదర సోదరీమణులందరికీ, వారి పాడిపంటలకూ నూతన సంవత్సర శుభాకాంక్షలు.