ఎక్సు కిరణములు - మూగ సాక్షులు

నొప్పి లేనిచో హాని లేదనుట లోకమున పాతుకొనిపోయిన నమ్మకము. నిప్పు కాల్చును, కత్తి కోయును. బాధ వెంటనే తెలియును గనుక మనుజుడు చేయి వెనుకకు తీసికొనును. అట్టి హెచ్చరిక యేమియు లేకయే దేహమునందు చొచ్చుకొనిపోవు కిరణమును 1895 నవంబరులో జర్మనీ దేశమందలి వుర్త్స్‌బుర్గు నగరమున రాంట్జెన్ పండితుడు కనుగొనెను. కొలది నెలలలోనే దానితో పనిచేయువారి చేతులు ఎఱ్ఱబారి పుండ్లు పడసాగెను. అయినను చర్మము కమలనంతవరకు భయము లేదని పెక్కుమంది తలచిరి. ఈ తలపును చెదరగొట్టినవి నోరులేని జంతువులు.

1903లో హాంబుర్గు వైద్యుడు ఆల్బర్స్-షోన్‌బెర్గు మగ గినీపందులను, కుందేళ్లను ఈ కిరణములకు లోను చేసెను. అవి పైకి ఆరోగ్యముగనే యుండెను; ఆడువానితో యథాప్రకారముగ జతకూడెను; కాని సంతానము కలుగలేదు. పరీక్షింపగా బీజకణములు నశించియుండెను. బాధ లేదు, మూలుగు లేదు. వంశము మాత్రము ఆగిపోయినది. ఈ సత్యమును లోకమునకు జెప్పిన వైద్యుడే కిరణబాధచే తన యెడమచేతిని గోల్పోయి 1921లో మరణించెను.

దీనికి కారణమేమి? 1906లో ఫ్రాన్సు దేశీయులగు బెర్గోనియే, త్రిబోందో అనువారు ఎలుకల బీజకోశములను శోధించి, వేగముగ విభజన చెందుచు నింకను పరిపక్వము కాని కణములే కిరణములకు ముందుగ లొంగునని తేల్చిరి. రక్తము పుట్టు మూలుగయు, బీజకోశములును, గర్భమునందలి శిశువును ఇట్టివే గదా! పిమ్మట 1927లో అమెరికాలో ముల్లరు పండ్లపై వ్రాలు చిన్న యీగలకు కిరణములు సోకించి, తల్లిదండ్రులకు కలిగిన మార్పు సంతతికి సంక్రమించుట చూపెను. ఇందులకు 1946లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

గృహస్థులు ముఖ్యముగ నెఱుగదగినది దీని తరువాతి కథ. 1950 ప్రాంతమున అమెరికాలోని ఓక్ రిడ్జ్ పరిశోధనాలయమున లియాన్ రస్సెల్ అను విదుషి చూలు చుంచెలుకలకు వేర్వేరు దినములందు కిరణములు సోకించెను. అవయవము లేర్పడు దినములలో సోకినచో పిల్లలు వికలాంగములతో పుట్టెను. ఏ దినమున సోకెనో దానినిబట్టి యా వైకల్యమును మారెను. 25 రాంట్జెనుల మోతాదునకే యెముకల నిర్మాణమున మార్పులు కానవచ్చెనని 1957లో ఆమె ప్రకటించెను. తాను గర్భవతినని స్త్రీ యెఱుగకమునుపే ప్రమాదకాలము మొదలగునని గ్రహించి, అత్యవసరము కాని ఉదర పరీక్షలను ఋతువు ప్రారంభమైన రెండు వారములలోపలనే జరుపుట మేలని ఆమెయు ఆమె భర్తయు 1952లోనే సూచించిరి. పలువురు వైద్యులు దీనిని నిరసించిరి.

ఇంతలో 1956లో ఆక్స్‌ఫర్డునందు ఆలిస్ స్టూవర్టు అను వైద్యురాలు మఱియొక తెరువు త్రొక్కెను. క్యాన్సరుచే బిడ్డలను గోల్పోయిన తల్లులనే ఆమె ప్రశ్నించెను. గర్భకాలమున కడుపునకు ఎక్సురే తీయించుకొన్న తల్లుల బిడ్డలయందు ఆ రోగము హెచ్చుగ నుండెను. ఆమె మాటను వైద్యలోకము చాలకాలము నమ్మలేదు. 1962లో అమెరికాలో మెక్‌మాన్ వేఱుగ జరిపిన పరిశోధనము దానిని బలపఱచెను.

అట్లని ఎక్సురే యనగనే భయపడుట అవివేకము. నేడు ఛాతీపటము తీయునపుడు గర్భమునకు చేరు మోతాదు పైజెప్పిన 25 రాంట్జెనులలో వేయవ వంతుకంటెను తక్కువ. మెల్లమెల్లగ సోకిన కిరణము ఒక్కపెట్టున సోకినదానికంటె తక్కువ మార్పులు కలిగించునని 1958లో రస్సెల్ దంపతుల చుంచెలుకలే చూపినవి. మిక్కిలి కొలది మోతాదుల కీడెంతయో పండితులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. కావుననే అవసరమైన పటమును మానరాదు, అనవసరమైనదానిని కోరరాదు అను నియమ మేర్పడినది.

ఈ నియమము నెరవేరుటకు వైద్యుని విద్య యొక్కటియే చాలదు. నెలతప్పినదను మాట యింటిలోనే పెదవి దాటనిచో ఎక్సురే గదిలో దానిని చెప్పువారెవ్వరు? గర్భిణి యగు స్త్రీయు, అట్టి సందేహముగల స్త్రీయు సిగ్గుపడక ముందుగ తెలుపవలెను. అడుగక మునుపే చెప్పుట మంచిది. అత్తయు, భర్తయు ఆ మాటకు అడ్డుపడక తోడ్పడవలెను. మూగజంతువులు తమ దేహములతో చెప్పిన సాక్ష్యమును నోరుగల మనము మౌనముచే వ్యర్థపఱచుట తగదు.